మెడ కింది ఎముక

"మావాడు కాదు డాక్టరమ్మా," అన్నాడు తండ్రి, బల్లమీద పరిచిన ఎముకలను చూస్తూ. "పాతికేళ్ళ మనిషివంటున్నారు. ఇల్లు వదిలి వెళ్ళేనాటికి వాడికి పదిహేడే."

ఆమె మెడ కింది ఎముక తీసి, దాని కొస చూపించింది.

"ఇది పూర్తిగా అతుక్కునేది పాతికేళ్ళ వయసుకే. డీఎన్ఏ కూడా మీతో కలిసింది. వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"పదేళ్ళు."

ఆ మాట నోటినుంచి వచ్చాక గానీ ఆయనకు తట్టలేదు.

"అంటే, ఎనిమిదేళ్ళు ఎక్కడో బతికే ఉన్నాడన్నమాట."

ఆమె తలూపింది.

ఆయన తలుపు వైపు చూశాడు.

"బయట వాళ్ళమ్మ కూర్చునుంది. బతికుంటే రాకుండా ఉంటాడా అని ఇన్నాళ్ళూ నేనే సర్దిచెప్పాను. అడిగితే, పోయేనాటికి వాడికి పదిహేడేళ్ళే అని చెప్పు తల్లీ."