పేరున్నదే అసలు

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత హనుమకొండలోని ఆ ఇంటి ముందుగదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: పెద్ద కుర్చీలో, తగవు తీర్చడానికి వచ్చిన విశ్రాంత ప్రిన్సిపాల్ రాజమౌళి; ఆయన కుడిపక్కన, ఫిర్యాదు చేసిన హెప్సిబా; ఎదురుగా స్టూలు మీద, ఒడిలో ల్యాప్‌టాప్‌తో, నర్సంపేటలో పెళ్లి వీడియోలు తీసే రాంచందర్; అందరికంటే చివర, కిటికీ పక్కన అన్నం బల్ల దగ్గర, హెప్సిబా తండ్రి సుందర్ రావు. బట్టల మిల్లు మోతలో ఆయన చెవులు ఎన్నడో పోయాయి కనుక, ఈ తగవు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"మా అమ్మను దొంగతనం చేసినవ్," అన్నది హెప్సిబా.

ఆమె తల్లి కృపమ్మ సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. కృపమ్మ వంట చేస్తూ ముచ్చట్లు చెబుతుంటే హెప్సిబా తీసి తన పేజీలో పెట్టిన చిన్న చిన్న వీడియోలను మాత్రం రాంచందర్ పేజీలో వేలమంది చూస్తున్నారు. ఆ పేజీలో ఎక్కడా ఆమె పేరు లేదు. వాటిని తీసిన కూతురి పేరూ లేదు.

"దొంగతనం అంటవేందక్కా? మంచిగున్నయని పెట్టిన. ఆఖర్ల 'అన్నం తిన్నవా' అని అడుగుతది సూడు, అది చూసి మా అవ్వ ఏడ్చింది తెల్సా?"

"మీ అవ్వ ఏడిస్తే నా పేరెందుకు తుడిచినవ్? మూలకు రాస్తే మూల కోసినవ్. కింద రాస్తే కింద కోసినవ్. మొఖమైతే కొయ్యలేవు గదా అని ఆఖరికి పాతయి కొత్తయి అన్నిట్ల అమ్మ మొఖం మీదనే రాసిన. దాన్ని గూడ తుడిచినవ్!"

"మొఖం మీద రాస్తే మనుషులు ఎట్ల చూస్తరక్కా? ఒక్కొక్క అక్షరం తీసేసరికి నా కండ్లు పోయినయ్."

"అయితే శాల్వ కప్పాల్నా నీకు?"

రాజమౌళి గొంతు సవరించుకున్నారు. "పేరు వేయకముందటి ప్రతులు నీ వద్ద ఉన్నాయా, అమ్మా?"

"ఫోన్ నిండుతాంటే ఎప్పటికప్పుడు తీసేసిన సార్. పేరేసి పెట్టినయే ఉన్నయ్. పేరున్నదే అసలు."

"సమంజసం. పేరున్నదే అసలు; పేరు తుడిచినది దొంగసొత్తు." ఆయన రాంచందర్ వైపు తిరిగారు. "తొలగించు. పేజీలోనివి, ఫోన్‌లోనివి, ఆ ల్యాప్‌టాప్‌లోనివి. తీసేసినట్టు చూపించి లోపల దాచుకొనేవి ఉంటాయే, అవి కూడా."

"తీస్త సార్. గని ఒక్క మాట. పగటన్నం యాళ్లకు రోజు నా పేజీకి ఒకాయన వస్తడు. ఒక్క ముక్క రాయడు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి పోతడు. ఒక్కనాడు తప్పలే. ఆయన కోసమన్న ఒక్కటి ఉంచనా?"

"అది ఈ తగవు పరిధిలోకి రాదు," అన్నారు రాజమౌళి.

"నీ గిరాకీల ఫికర్ మాకెందుకు? తియ్," అన్నది హెప్సిబా.

రాంచందర్ తీశాడు. ఆమె వెనుక నిలబడి చూసింది. పచ్చిపులుసు పోయింది. సర్వపిండి పోయింది. మక్కగారెలు పోయాయి. చివరిదానిలో కృపమ్మ గరిటె పైకెత్తి ఏదో అనబోతూ ఉండగానే తెర ఖాళీ అయింది. హెప్సిబా కళ్లు తుడుచుకొన్నది.

"ఇగ మా అమ్మ మాకే," అన్నది.

రాజమౌళి కాగితం తీసి తీర్మానం రాయడం మొదలుపెట్టారు. పొద్దు దాటుతున్నదని హెప్సిబా తండ్రి ముందు పళ్లెం పెట్టింది. సుందర్ రావు అలవాటు చొప్పున తన ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి, వేలితో ఒకసారి గీశాడు. మళ్లీ గీశాడు. అన్నం ముట్టలేదు.

"బిడ్డా, అమ్మ వస్తలేదు," అన్నాడు, వినలేనివారికి ఉండే పెద్ద గొంతుతో.

హెప్సిబా చిన్నగా నవ్వి, తన పేజీ తెరిచి చెంబుకు ఆనించింది. కృపమ్మ గొంతు గదంతా నిండింది: "చింతపండు జరంత సేపు నాననియ్యుండ్రి..." రాజమౌళి సైతం కలం ఆపారు. సుందర్ రావు వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు. కూతురి పేరు, తెల్లటి మసక అక్షరాలలో, కృపమ్మ ముక్కు కింది నుండి గడ్డం దాకా పరుచుకొని ఉన్నది.

"ఇది కాదు బిడ్డా. దీంట్ల అమ్మ మాట్లాడ్తలేదు."

"మాట్లాడ్తాంది గద బాపూ!"

ఆయన కూతురి నోటి వంక నిదానంగా చూసి, ఆమె అన్నదేమిటో తెలుసుకొని, కాదన్నట్టు తల ఊపాడు. ఫోన్‌ను మెల్లగా ఆమె వైపు జరిపాడు.

రాంచందర్ స్టూలు మీద నుండి లేచాడు. ఖాళీ అయిన ల్యాప్‌టాప్ వంక చూశాడు.

సుందర్ రావు చూపు రాజమౌళి చేతిలోని కాగితం మీద పడింది. "సార్, ఏందో రాస్తాండ్రు. నాది గూడ ఒక్క మాట రాయుండ్రి. రోజు అన్నం యాళ్లకు ఆమెను నా కాడికి తెచ్చినాయన ఎవలో నాకెర్కలేదు. వందనాల బొమ్మ పెట్టుడే గని, మాట రాసుడు నాకు చాతగాదు. కాయితం మీదన్న ఉండనియ్యుండ్రి."

హెప్సిబా ఆ వీడియోను ఆపింది. రాజమౌళి, సుందర్ రావుకు తన పెదవులు కనబడేలా ఒక్కొక్క మాటే అడిగి, తీర్మానం చివర తన భాషలో ఇలా చేర్చారు: "కృపమ్మ పెదవుల మీద నుండి పేరును తుడిచివేసి, 'అన్నం తిన్నవా' అని ఆమె అడగడాన్ని వినలేని భర్త ఇన్నాళ్లూ కళ్లతో వినగలిగేలా చేసినందుకు, శ్రీ రాంచందర్‌కు శ్రీ సుందర్ రావు కృతజ్ఞతలు ఇందుమూలముగా నమోదు చేయడమైనది."