పాపకి తెలిసిన గొంతు

మొదటి దెబ్బకే కండక్టరు ముందుపన్ను ఊడి ఐసీయూ తలుపు ముందు పడింది. రెండో దెబ్బకి మనిషే పడ్డాడు.

కొట్టినవాడు మెకానిక్. లోపల గాజుపెట్టెలో ఉన్న ఆరు రోజుల పాపకి తండ్రి. కండక్టరు వాళ్ళ పక్కింటివాడు, పెళ్ళి కానివాడు. ఆపరేషన్‌కి రక్తం ఇచ్చిపోదామని వచ్చాడు. ఒక సీసా ఇచ్చాడు. మిగతాది ఇప్పుడు నేల మీద పోతోంది.

పాప గుండె లోపంతో పుట్టింది. ఆపరేషన్ ఎల్లుండి. అందాకా మెదడుకి అందే ఆక్సిజన్ అంతంతమాత్రం. బెదిరినా, గుక్కపట్టి ఏడ్చినా అదీ తగ్గుతుంది. అందుకే ఆ గదిలో దీపాలు తగ్గిస్తారు, చెప్పులు విప్పిస్తారు, తెలిసినవాళ్ళ చేత మెల్లగా మాట్లాడిస్తారు. పసిమెదడు ఎదగడానికి అదీ మందేనని నర్సు చెప్పింది. తల్లి గొంతైతే మరీ మంచిది. కానీ ఆవిడ దవడ విరిగి, నోటికి తీగలు కట్టించుకుని పై అంతస్తులో పడుకుని ఉంది. పురిటికి ముందు మెట్ల మీంచి పడిందని కేసు షీట్లో రాసుంది.

కాబట్టి ఆ పని తండ్రి మీద పడింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని మూడు రోజులు పెట్టె పక్కనే కూర్చున్నాడు. "బంగారూ, నాన్ననే" అన్నప్పుడల్లా తెర మీద ఆక్సిజన్ అంకె ఎనభై నుంచి అరవై అయిదుకి జారేది. పాప పిడికిళ్ళు బిగుసుకునేవి. అలవాటు పడుతుందిలెమ్మని నర్సు సర్దిచెప్పింది. కన్నబిడ్డకి తన మాట గిట్టకపోతే ఏ తండ్రికైనా కష్టమే.

ఇవాళ కండక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతుని వీలైనంత తగ్గించి, పాప ఎలా ఉందని అడిగాడు. అంకె ఎనభై ఆరుకి ఎగబాకింది. పిడికిలి విచ్చుకుంది. నర్సు ఇంకోసారి మాట్లాడించింది. మళ్ళీ అంతే. సంతోషం పట్టలేక ఆవిడ నోరు జారింది.

"కడుపులో ఉండగా రోజూ విన్న గొంతునే పిల్లలు ఇలా గుర్తుపడతారు."

మెకానిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున షెడ్డుకి పోయి పొద్దుగూకాక వచ్చే మనిషి తను. తన ఇంట్లో వీడి గొంతుకి రోజూ ఏం పని? కాలరు పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు.

పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు. సెలైన్ స్టాండు ఎత్తి వీపు మీద మోదాడు. అడ్డొచ్చిన గార్డుని గోడకేసి విసిరాడు. జుట్టు పట్టుకుని తల నేలకేసి కొడుతూ ఒక్కటే ప్రశ్న, బిడ్డ ఎవరిదో చెప్పమని. కండక్టరు చెయ్యి ఎత్తలేదు. లోపల పసివాళ్ళున్నారు, అరవద్దని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మెకానిక్ ఆ వేలు పట్టి విరిచాడు.

నర్సు తలుపు తోసుకుని వచ్చింది.

"మీ అరుపులకి పాప నీలంగా అయిపోతోంది. యాభై ఎనిమిదికి పడిపోయింది. ఇంకో రెండు పడితే ఆపరేషన్ దాకా ఆగదు."

ఇద్దరు గార్డులు అతన్ని వెనక నుంచి ఒడిసి పట్టుకున్నారు. పట్టుకున్నా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"నన్ను అనడం కాదు, వీణ్ణి అడుగు సిస్టర్. నా బిడ్డకి వీడి గొంతు ఎలా తెలిసిందో అడుగు."

ఆవిడ కండక్టరు వైపు చూసింది. అతను గోడకి చేరబడి, నోట్లో నెత్తురు ఉమ్మి, అప్పటికీ మెల్లగానే చెప్పాడు.

"కడుపుతో ఉన్న మనిషిని ఇంక కొట్టకు బాబూ అని గోడవతల నుంచి రోజూ నేను మొత్తుకుంటేగానీ, ఇతని చెయ్యి ఆగేది కాదు సిస్టర్."