గేటు లోపల యోహాన్

జయమణి కన్నుమూసే వేళకు ఆమె తమ్ముడు యోహాన్ కావాలనే రాలేదు. ఆమె భర్త రత్నరాజు మనసులో ఆ విషయం తేలిపోయి ఏడాది కావస్తోంది.

రేవు పక్క కంటెయినర్ యార్డులో యోహాన్ ట్రైలర్ డ్రైవరు. అదే యార్డులో గేటు పాస్‌లు ఇచ్చే కంప్యూటర్ సర్వర్ చూసుకునేది రత్నరాజు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఫోను రాగానే రత్నరాజు పనులన్నీ చకచకా ముగించుకుని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. యోహాన్ చీకటి పడ్డాక వచ్చాడు. తమ్ముడొచ్చాడేమోనని తలుపు వైపు చూస్తూనే జయమణి పోయింది.

ఇప్పుడు యోహాన్ సర్వర్ గది గుమ్మంలో నిలబడ్డాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆదివారం అక్క జ్ఞాపకార్థ కూడికంట బావా. చర్చిలో అందరికీ సెప్పేవంట. నాకు సెప్పలేదు."

"నీకెందుకు సెప్పాలి?"

"నాను దాని తమ్ముణ్ని."

"ఆ రోజు కాదేటి తమ్ముడివి?"

"ఎన్నిసార్లు సెప్పాలి బావా. గేటు పాస్ రాలేదు. పాస్ లేకపోతే మనిషిని కూడా వదల్రు. ముందు ట్రైలరు, ఎనక ట్రైలరు. మద్దిలో ఇరుక్కుపోనాను. సెక్యూరిటీవోడి గెడ్డం అట్టుకు బతిమాలేను. మిగతా డ్రైవర్లని అడుగు."

"మీరంతా ఒకే మాట సెప్తారు. సర్వర్ ఆ రోజు ఒక్క నిమిషం ఆగలేదు. తరవాత రికార్డులన్నీ నాను సూసేను. నీ అబద్దాలు గేటు కాడ సెప్పుకో."

యోహాన్ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్లిపోలేదు.

మూల కుర్చీలో ఉన్న గ్రేసీ అంతా విన్నది. యార్డు ఇంజినీరు. వాళ్ల చర్చి పిల్లే.

"సర్వర్ ఆగకపోయినా లోపల ఒక ప్రోగ్రాం ఇరుక్కుపోవచ్చు అంకుల్. సూద్దామా?"

"ఏడాది కిందటిది ఇప్పుడేటి సూస్తావ్?"

"ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు దాని లెక్క కెర్నెల్ అప్పజెప్పేస్తాది. కెర్నెల్ అంటే సిస్టం గుండెకాయ. కాపోతే ఎవరో ఒకరు ముందే చెవి ఒగ్గి కూసోవాలి. లేకపోతే ఆ లెక్క గాలికి పోద్ది. రెండేళ్ల కిందట నాను చేరిన కొత్తలోనే ఓ ప్రోగ్రాంని ఆ పనికి కూసోబెట్టేను. కెర్నెల్ చెప్పిందల్లా దాస్తాది."

"ఎంత పని సేసిందో సెప్తాది. అంతే కదా."

"ఎంతసేపు కాచుకుందో కూడా సెప్తాది అంకుల్. లెక్కలు సేసే సీపీయూ కోసం ఎంతసేపు, రాసి దాచే డిస్కు కోసం ఎంతసేపు, విడివిడిగా."

"అయితే తియ్యి. ఆడి అబద్దం ఆడికే సూపిద్దాం."

గ్రేసీ తీసింది. ఆ రోజు గేటు పాస్ రాసే ప్రోగ్రాం లెక్క తెర మీదకు వచ్చింది. చేసిన పని రెండు సెకన్లు కూడా లేదు. డిస్కు కోసం కాచుకున్నది గంటల కొద్దీ ఉంది.

"సూడండి. పాస్ రాద్దామంటే దానికి డిస్కు దొరకలేదు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అలాగే నిలబడిపోయింది. చచ్చిపోలేదు, కదల్లేదు. అందుకే మీకు సర్వర్ బాగున్నట్టు కనబడింది. యోహానన్న నిజంగానే లోపలుండిపోయాడు అంకుల్."

రత్నరాజు మెట్ల వైపు చూశాడు. అద్దంలోంచి యోహాన్ వీపు కనబడుతోంది. వెంటనే తెర వైపు తిరిగాడు.

"మరి అంతసేపు డిస్కుని అట్టుకు కూసున్నదెవడు?"

"అది కూడా తెలుస్తాది. ఆ ప్రోగ్రాం కూడా ముగిసే ఉంటాది కదా. దాని లెక్కలో నడిపినోళ్ల పేరుంటాది."

"తియ్యి. నా ఇంటిదాని ఆఖరి సూపు కాజేసినోడాడు. ఆణ్ని నాను సచ్చేదాకా చమించను."

గ్రేసీ వెతికింది. ఆ సాయంత్రమే ముగిసిన పెద్ద ప్రోగ్రాం ఒకటి బయటపడింది: డిస్కు మొత్తం చదివి నకలు తీసే బ్యాకప్. పక్కన పేరుంది. ఆమె దాన్ని పైకి చదవలేదు. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.



"అంకుల్, అన్నని లోపలికి పిలవనా?" అని మెల్లగా అడిగింది.

రాత్రికి నడపాల్సిన బ్యాకప్‌ని, జయమణి దగ్గరికి తొందరగా పోవాలని ఆ మధ్యాహ్నమే నడిపించేసి వెళ్లిన రత్నరాజు, తెర ఆర్పేసి, "ఈ సంగతి ఇంకెప్పుడూ నా కాడ ఎత్తకు," అన్నాడు.