ఆరు మెట్ల నికెల్

మెర్ల్ నాణేన్ని గాజు బల్ల మీద విసిరాడు. అది గిర్రున తిరిగి నాణేల షాపు యజమాని లెస్టర్ హాగెన్ మోచేతి దగ్గర ఆగింది.

“దీనికి గ్రేడు వెయ్యి,” అన్నాడు.

ఇంకెవరైనా నాణేన్ని అలా విసిరితే లెస్టర్ మెడబట్టి బయటికి గెంటేవాడు. ఇప్పుడు మాత్రం కాఫీ కప్పు మెల్లగా పక్కన పెట్టాడు. ఈ మనిషి కోసమే ఇన్నాళ్లూ కోపం దాచుకున్నాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో ఇతనితో ఎన్నిసార్లు పోట్లాడాడో లెక్కలేదు. ప్రతిసారీ తనే గెలిచాడు.

పోయిన నెల ఇదే బల్ల ముందు నిలబడి మెర్ల్ డాల్‌క్విస్ట్ అతన్ని దొంగ అన్నాడు. గ్రేడు వేయమని ఇచ్చిన 1939 నాటి ఐదు సెంట్ల నికెల్‌ని నొక్కేసి, ఖాళీ డబ్బీ చేతిలో పెట్టి పంపావన్నాడు. ఇంటికెళ్లి తెరిస్తే ఏమీ లేదట. ఇల్లంతా, కారంతా వెతికాడట.

అయోవా రాష్ట్రం మొత్తం మీద ఇంత శుభ్రమైన ఐదు సెంట్ల బిళ్ల ఇంకోటి ఉండదని అంతకుముందు రోజే లెస్టర్ మురిసిపోయాడు. నాణెం వెనకవైపు అచ్చువేసిన భవనం ముందు ఆరు మెట్లూ విడివిడిగా తేలి ఉన్నాయి. వేలల్లో ఒకదానికి గాని అలా పడవు. నాణెం నాణ్యతకి డెబ్బైకి అరవై ఆరు గ్రేడు వేసి, తన చేత్తోనే డబ్బీలో పెట్టి ఇచ్చాడు.

“నువ్వు గాక దాన్ని ముట్టుకున్నవాడెవడ్రా?” అని ఆ రోజు మెర్ల్ వీధి దాకా వినపడేలా అరిచాడు. నలభై ఏళ్ల స్నేహం గుర్తురాలేదు. అతని నాలుగేళ్ల మనవరాలు కిర్‌స్టెన్ పక్కనే ఉంది. ఆ పిల్ల ఒకటి నుంచి ఆరు దాకా లెక్క నేర్చుకున్నది ముందు రోజు లెస్టర్ భూతద్దంలో ఆ మెట్లు చూస్తూనే. తాత కోటు పట్టుకు లాగుతూ ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం అని ఏడ్చింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకోమని మెర్ల్ కసిరాడు. దొంగ అన్నందుకు కాదు, ఆ పసిదాని చెవిన పడేలా అన్నందుకే లెస్టర్ ఎక్కువ కుమిలిపోయాడు.

ఆ తర్వాత మెర్ల్ ఊరి వైపు నుంచి ఒక్కరూ షాపు గడప తొక్కలేదు. ఊరు ఎంత దూరమైతేనేం, అక్కడ తన గురించి ఏం చెప్పుకుంటున్నారో ఇక్కడ కూర్చునే వినగలిగాడు.

ఇప్పుడు నికెల్ తిరిగొచ్చింది. అంచు మీద అప్పుడు చూసిన సూదిమొనంత గాటు. సందేహం లేదు, అదే.

“దొరికిందన్నమాట,” అన్నాడు లెస్టర్.

“గ్రేడు వెయ్యమన్నాను.”

రోజూ వచ్చి మూల కుర్చీలో పాత పెన్నీలు, ఒక సెంటు బిళ్లలు, ఏరుకునే వెర్నన్ తలెత్తి, ఇవాళ పెళ్లికొడుకులా తయారై వచ్చాడే అని గొణిగాడు. నిజమే. మెర్ల్ నల్లకోటు వేసి టై కట్టుకున్నాడు. కూతురి పెళ్లిలో తప్ప అతను టై కట్టగా ఎవరూ చూడలేదు. పాలిష్ పెట్టిన బూట్లకి మాత్రం తడిమట్టి. బయట ఆగిన కారులో ఆ కూతురే కూర్చుని ఉంది. షాపు వైపు తలతిప్పడం లేదు. సిగ్గు కాబోలు అనుకున్నాడు లెస్టర్. క్షమాపణ చెప్పడానికి ముస్తాబై వచ్చి, తీరా నోరు పెగలక మళ్లీ తన మీదే జులుం చేస్తున్నాడు. ఒళ్లు మండింది.

దీపం దగ్గరికి లాక్కుని భూతద్దం కంటికి ఆనించాడు. నాణెం మెరుపు చచ్చిపోయింది. పైపొర బూడిదరంగుకి తిరిగి గుంటలు పడింది. తిప్పి చూశాడు. ఆరు మెట్లూ కరిగి ఒకే బండలా అయిపోయాయి.

“యాసిడ్ తినేసింది దీన్ని. తళతళలాడాలని ఎందులోనైనా ముంచావా?”

“అరవై ఆరు. అప్పుడు అంతే వేశావు. ఇప్పుడూ అంతే వెయ్యి. దీనికేం కాలేదని రాయి.”

“ఐదు సెంట్లు. అంతకు మించి ఒక్క సెంటూ చెయ్యదు.”

“ఏం కాలేదని రాయరా.”

మెర్ల్ పిడికిలితో బల్లని గుద్దాడు. గాజు ఈ చివర నుంచి ఆ చివరకి చిట్లింది. వెర్నన్ లేచి నిలబడ్డాడు. లెస్టర్ అతన్ని కూర్చోమని సైగ చేశాడు. ఇన్నాళ్లూ అద్దంలో గెలిచిన మాటలన్నీ నాలుక చివరకి వచ్చి నిలిచాయి.

“రాస్తాను. నువ్వు చెప్పినంతే వేస్తాను. ముందు నువ్వొకటి చెప్పు,” అన్నాడు, ఒక్కో మాటా నొక్కి. “నన్ను దొంగన్నావు. చంటిపిల్ల ముందు అన్నావు. ఇప్పుడు ఎక్కడ దొరికిందో వెర్నన్‌కి వినపడేలా చెప్పు. నీ జేబులోనేనా? కారు సీటు కిందనా?”

మెర్ల్ తల దించుకున్నాడు. అది చూసి లెస్టర్‌కి తియ్యగా అనిపించింది. ఇంకాస్త ముందుకి వంగాడు.

“అంతా వెతికానన్నావుగా. ఎక్కడ వెతకలేదురా నువ్వు?”

“కిర్‌స్టెన్ కడుపులో,” అన్నాడు మెర్ల్, మెడకి బిగిసిన టై ముడి లాక్కుంటూ, “పిల్లని ఇప్పుడే మట్టిలో పెట్టి వస్తున్నాం.”