పంతులుగారి వంకర గూడు

తుమ్మకొమ్మ మీద గిజిగాళ్ల బడి నడిపేవాడు ముసలి చిట్టెయ్య పంతులు. పిల్లలు గూడు అల్లే ముడుల పేర్లు గడగడా అప్పజెప్పేవారు గానీ, గడ్డిపోచ ముట్టుకుంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. తొలకరి దగ్గరపడింది. ఒక్కరికీ ముడి వేయడం రాదు. గూళ్లు లేకుండా వానలో ఏమైపోతారోనని పంతులికి దిగులు పట్టుకుంది.

ఓరోజు సింగారి అనే బుల్లిపిట్ట, రాలిపడిన పాత గూడు విప్పుతూ పంతులికి దొరికిపోయింది.

"ఓసి గడుగ్గాయీ! పాఠం ఎగ్గొట్టి గూడు పాడుచేస్తావా?"

"పాడుచేయడంలేదు పంతులుగారూ! విప్పుతుంటే ముడి ఎలా వేశారో తెలిసిపోతోంది, చూడండి!" అంటూ మళ్లీ ముడేసింది. పంతులు ముక్కుతో లాగినా ఊడలేదు.

ఆయన మొహం వెలిగిపోయింది. తన సొంత గూడే తెంచుకొచ్చి పిల్లల మధ్య పడేశాడు.

"విప్పండర్రా!"

తొలి చినుకు పడేసరికి కొమ్మ నిండా గూళ్లే. పంతులుగారిది మాత్రం కాస్త వంకర. పిల్లలు కట్టిచ్చింది కదా, ఆయనకదే ముద్దు.