ఎడమ స్పీకరు

"మళ్లీ ఎడమదే. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది." కేబుల్ పీకి సోఫా మీదికి విసిరాడు మిక్సింగ్ ఇంజనీరు.

ఉదయం నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఎడమ పక్క మోత భరించలేకపోతున్నామంటూ కిందటి పాటను సంగీత దర్శకుడు తిప్పి పంపాడు. రేపు ఇంకో పాట ఇవ్వాలి. అదీ తిరిగొస్తే ఇక పిలిచేవాళ్లుండరు.

"మా అన్నయ్య స్నేహితుడండీ. ఇలాంటివి చూస్తుంటారు," అంది భార్య, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూపిస్తూ.

"రండి. కేబుళ్ల గురించి తెలుసా?"

"మీరు చెప్పండి, వింటాను," అంటూ కూర్చున్నాడు వచ్చినాయన.

అడగడమే తరువాయి, అతను అందుకున్నాడు. "మామూలు కేబుల్లో పాట మోసే తీగ ఒక్కటే. దారిలో కరెంటు వైర్ల గోల దానికి అంటుకుంటుంది. బ్యాలెన్స్‌డ్ కేబుల్లో రెండు తీగలు. రెండోది అదే పాటను తిరగేసి మోస్తుంది. అవతలి కొసన దాన్ని సరిచేసి కలిపితే గోలకు గోల చెల్లు, పాట మిగులుతుంది."

"మరి మార్చి చూశారా?"

"నిన్ననే మార్చాను. తేడా లేదు. ఏదో నకిలీ సరుకు అంటగట్టి ఉంటారు."



వచ్చినాయన రెండు రకాల కేబుళ్లూ పట్టుకుని స్పీకర్ల వెనక్కి వెళ్లాడు. "ఒక్కో పక్కా విడిగా చూద్దాం. కళ్లూ, అవతలి చెవీ మూసుకోండి. సన్నగా ఈల మోగుతుంది. వినబడగానే చెయ్యెత్తండి."

కుడి పక్క ఈలకు చెయ్యి లేచింది, దిగింది. ఎడమ పక్కకు చాలాసేపు లేవలేదు. భార్య గోళ్లు కొరుక్కుంటూ ఆ చేతినే చూస్తోంది.

"ఇప్పుడున్నది ఏ కేబుల్?"

"మామూలుదే. అనుమానమే లేదు."

"బ్యాలెన్స్‌డ్‌ది."

"నేనన్నానా, నకిలీదని," అన్నాడు అతను కళ్లు తెరిచి. "ఇంకో కొట్టులో అడుగుతాను."

వచ్చినాయన సరేనన్నట్టు తలూపి లేచాడు. సాగనంపడానికి భార్య మెట్లదాకా వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమంటారు?"

"మీరు అనుకున్నట్టే. కుడి వైపు పరవాలేదు, ఎడమ వైపే బాగా దెబ్బతింది. మార్చడానికి వీల్లేదు. సాయంగా చిన్నది ఒకటి పెట్టొచ్చు. ఇంక ఆలస్యం చెయ్యకండి."

లోపల పాట మళ్లీ మొదలైంది. అతను ఎడమ పక్క మోత పెంచుతున్నాడు, ఇంకా పెంచుతున్నాడు. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"చెవి మిషన్ పెట్టుకోమని ఆయనకెలా చెప్పను, డాక్టరుగారూ?"