ఆరో నట్టు

"నూనె వేశావా?"

"పొద్దున్నే వేశా నాన్నా. బాగా నానింది. ఒక్క పట్టు పడితే వచ్చేస్తుంది."

షెడ్డులో ఆయన పెళ్లినాటి కారు బానెట్ తెరుచుకుని ఉంది. ఇంజను బయటికి తీయాలంటే ముందు పొగగొట్టాన్ని విడదీయాలి. దాన్ని పట్టి ఉంచినవి ఆరు నట్లు. నలభై ఏళ్ల వేడికి, తుప్పుకి బిగుసుకుపోయాయి. అయిదింటిని కూతురు నిన్ననే తీసింది. ఆరోది తనకు వదిలెయ్యమన్నాడు తండ్రి.

ఊళ్లో ఏ బండిలో మొండి నట్టు ఇరుక్కున్నా ఒకప్పుడు ఆయనకే కబురు వచ్చేది. నరాల జబ్బుతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక, చేతులు ఆయన మాట వినడం మానేశాయి. చొక్కా గుండీలు కూడా కూతురే పెడుతోంది.

"ఇది నా చేత్తో ఊడిందా, బండి నేనే పూర్తి చేస్తా. ఊడలేదా, షెడ్డు తాళం నీకిచ్చేస్తా. మళ్లీ ఇటు తొంగి చూడను."

"పంతాలకేం తక్కువ లేదు. సరే, కానివ్వు."

స్పానర్ తగిలించాడు. రెండు చేతులూ వేసి లాగాడు. స్పానర్ కదల్లేదు. అరచేతులే దాని మీద జారిపోయాయి. గుడ్డతో తుడుచుకుని మళ్లీ పట్టాడు. మూడోసారి స్పానర్ ఊడి కింద పడింది. పాదం మీద పడలేదు, అదే నయం.

"మీ అమ్మ కూడా ఇంత మొండిది కాదే" అన్నాడు ఆయాసపడుతూ.

"మెల్లగా. వంటింట్లోనే ఉంది, వింటే ఈ పూట నీకు టీ ఉండదు."

నవ్వబోయి ఆగిపోయాడు. గంట గడిచింది. చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి పైకి లేవలేదు. కూతురే తుడిచింది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. జేబులోంచి తాళం తియ్యడానికే చాలాసేపు పట్టింది. తల ఎత్తకుండా ఆమె ముందుకు చాచాడు.

కూతురు తాళం వంక చూసింది. నట్టు వంక చూసింది.

"ఇదెందుకిప్పుడు? ఈ నట్టు లెక్కలోకి రాదు నాన్నా."

"ఏం?"

"పొద్దున నేనూ పట్టా. స్పానర్‌కి పైపు తొడిగి వేలాడా. వెంట్రుకవాసి కదల్లేదు."

"ఒట్టు?"

"ఒట్లేంటి, చిన్నపిల్లల్లా!"

"మరి వచ్చేస్తుందన్నావు?"

"నీ చేతికైతే వస్తుందనుకున్నా. నీకే రాలేదంటే ఇంక కోసెయ్యాల్సిందే. ఆ పని నాకొదిలెయ్. రేపు నువ్వు కార్బ్యురేటర్ సంగతి చూడు."

ఆయన నట్టుని ఎగాదిగా చూశాడు.

"ముందే చెప్పి ఏడవచ్చుగా! గంట నుంచి ఎద్దులా లాగుతున్నా ఇక్కడ."

తిట్టులో పాత జోరు వచ్చింది. తాళం మళ్లీ జేబులోకి వెళ్లింది. చేతులు కడుక్కోవడానికి ఈల వేసుకుంటూ ఇంట్లోకి నడిచాడు.

ఈల దూరమయ్యేదాకా ఆగి, పొద్దున పైపు తొడిగి వేలాడి వదులు చేసి, నాన్న కోసం మళ్లీ కాస్తంత బిగించి పెట్టిన ఆ నట్టును, కూతురు స్పానర్ తగిలించి రెండు వేళ్లతో తిప్పి తీసి జేబులో వేసుకుంది.